సామ్ హ్యూస్టన్: సేనాని గొప్పా, రాజనీతిజ్ఞుడు గొప్పా?

ప్రశ్న:
హ్యూస్టన్‌లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. ఆ ఊరు ఎవరి పేరు పెట్టుకుందో ఆ సామ్ హ్యూస్టన్, 1814లో హార్స్‌షూ బెండ్ పోరులో గాయపడిన సరిహద్దు సిపాయి. 1836 ఏప్రిల్ 21న శాన్ జసింటో వద్ద 18 నిమిషాల్లో మెక్సికో సైన్యాన్ని ఓడించిన సేనాని. తర్వాత, అప్పట్లో స్వతంత్ర దేశమైన టెక్సస్ గణతంత్రానికి రెండు పర్యాయాలు అధ్యక్షుడిగా, అమెరికా సెనేటర్‌గా, గవర్నర్‌గా పనిచేశారు. ఈ పదవులన్నీ ఆ ఒక్క విజయం తెచ్చిపెట్టినవేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
ఆయన రాజనీతి యుద్ధభూమిలోనే కనిపిస్తుంది. గెలిచిన మర్నాడు మెక్సికో సేనాధిపతి శాంటా అనా పట్టుబడగానే, చీలమండ ఛిద్రమై చెట్టు కింద పడుకుని ఉన్న హ్యూస్టన్ ఎదుట, అంతకుముందు అలమో, గోలియాద్‌లలో అతని సైన్యం టెక్సస్ వారిని చంపినందుకు బదులుగా అతణ్ణి ఉరి తీయాల్సిందేనని సైనికులు పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. టెక్సస్‌లో మెక్సికో దళాలు ఇంకా వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని వెనక్కి మళ్ళించే ఉత్తర్వు రాయగలిగినవాడు ఆ బందీయే. చంపితే పగ తీరేది గానీ యుద్ధం తీరేది కాదు.

జవాబు 2:
అది నిజమే అయినా, నా దృష్టిలో 1861 అంతకన్నా గొప్పది. ఓడిన శత్రువును క్షమించడం కన్నా, తనను నెత్తిన పెట్టుకున్న జనానికే ఎదురు నిలవడం కష్టం. అప్పటికి అమెరికాలో రాష్ట్రంగా చేరి ఉన్న టెక్సస్ ఆ సమాఖ్యను వీడాక, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీకి విధేయతా ప్రమాణం చేయనని చెప్పి, మార్చి 16న గవర్నర్ పదవి పోగొట్టుకున్నారు. సభలో తన పేరు పిలుస్తున్నా, కింది అంతస్తులో చాకుతో కర్ర చెక్కుకుంటూ ఉండిపోయారని చెబుతారు. లింకన్ సైనిక సాయం చేస్తానన్నా, సొంత మనుషుల రక్తం పారించి ఆ పదవిలో ఉండడం ఇష్టంలేక వద్దన్నారు.

జవాబు 3:
ఆయనకు బానిసలు ఉండేవారన్నది మరచిపోకూడదు. కాపాడాలనుకున్నది సమాఖ్యనే, వారి స్వేచ్ఛను కాదు. అమెరికా ఆదివాసులైన చెరోకీల విషయం నన్ను మరీ కలచివేస్తుంది. పదహారేళ్ళప్పుడు ఇల్లు విడిచి, ఊలూటెకా అనే వారి నాయకుడి వద్ద కొడుకులా పెరిగిన మనిషే, 1817లో ప్రభుత్వోద్యోగిగా ఆ జనాన్ని పడమటికి తరలించే పనిలో చేరారు. 1836లో తూర్పు టెక్సస్ చెరోకీలకు భూమి ఇస్తూ తాను కుదిర్చిన ఒప్పందాన్ని మరుసటి ఏడాది టెక్సస్ సెనేట్ కొట్టివేసింది. 1839లో తర్వాతి అధ్యక్షుడు లమార్ వారిని సైన్యంతో తరిమివేశాడు. ఆ తర్వాత శాసనసభ్యుడైన హ్యూస్టన్ దాన్ని తీవ్రంగా ఖండించారు, కానీ అప్పటికే వారి పెద్ద డువాలి ఆ పోరులో ప్రాణాలు కోల్పోయాడు.