కల్లాస్ గొంతులో తీపి లేదు, అయినా అందరూ ఆమె పేరే ఎందుకు చెబుతారు?

ప్రశ్న: కొత్త శ్రోత

ఒపెరా, అంటే పాటలతోనే కథ నడిచే పాశ్చాత్య సంగీత నాటకం, వినడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. మొన్న రాత్రి పుచ్చిని ఒపెరా ‘టోస్కా’లోని ‘విస్సి దార్తె’ పాట పెట్టుకుని ముందు రెనాటా టెబాల్దిది, వెంటనే మరియా కల్లాస్‌ది విన్నాను. టెబాల్ది గొంతు వెన్నపూస. కల్లాస్ గొంతులో గరుకు తగిలింది, పై స్వరం దగ్గర ఊగిపోయింది కూడా. అయినా ఎక్కడ చదివినా కల్లాస్ పేరే ముందు వస్తోంది. నాకే వినడం రావట్లేదా? ఏళ్ల తరబడి వింటున్నవాళ్లు ఇద్దరు గాయకుల్ని పోల్చేటప్పుడు దేన్ని పట్టుకుంటారో చెప్పండి.

జవాబు: మూడో అంకం

మీ చెవి బాగానే ఉంది. 1950లలో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హాలుకి వచ్చే శ్రోతలే ఈ ఇద్దరి విషయంలో రెండుగా చీలిపోయారు. నేను మొదటినుంచీ టెబాల్ది పక్షం. ఒక వాక్యాన్ని కింది నుంచి పైదాకా ఎక్కడా అతుకు తెలియకుండా తీసుకెళ్లే ఆ లెగాటో ఆమె దగ్గర విన్నాక, ఇంకొకరి దగ్గర నాకు దొరకలేదు. గొంతు అందం చిన్న విషయమని ఎవరన్నా ఒప్పుకోను.

జవాబు: పై బాల్కనీ

ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. మొదట్లో నేనూ గొంతు తీపి ఒక్కటే చూసేదాన్ని. ఇప్పుడు మొత్తం మీద ఎవరు గొప్ప అన్న లెక్క మానేశాను. ఒక ఆరియాలో (ఒపెరాలో ఒక్కరే పాడే పాట) ఒక్క చోటు తీసుకుని, అక్కడ ఎవరేం చేశారో వింటాను.

వెర్ది ‘ఐదా’లో టెనర్ (ఎత్తు స్థాయి మగ గొంతు) పాడే ‘చెలెస్తె ఐదా’ ఉంది కదా. తెర లేచిన కాసేపటికే వస్తుంది, పాపం ఆ టెనర్ గొంతు ఇంకా వేడెక్కి కూడా ఉండదు. చివరి స్వరం పై బి-ఫ్లాట్. దాన్ని చాలా మెల్లగా, ఆరిపోతున్న దీపంలా పాడమని వెర్ది స్వయంగా రాసిపెట్టాడు. ఎక్కువమంది గట్టిగా పాడేసి చప్పట్లు అందుకుంటారు. ఫ్రాంకో కొరెల్లి పాడింది వినండి, జుబిన్ మెహతా కండక్టర్‌గా 1967 నాటి రికార్డింగ్. నిండు గొంతుతో స్వరాన్ని అందుకుని, అదే ఊపిరి మీద సన్నబరుస్తూ సన్నబరుస్తూ దారమంత చేసి వదిలేస్తాడు. అంత సన్నబడ్డాక కూడా స్వరంలో కండ ఉంటుంది, దొంగగొంతులోకి జారదు. ఊపిరి పట్టు లేనివాళ్లు అక్కడికొచ్చేసరికి గాలి వదులుతారు, లేదా శ్రుతి దిగిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క స్వరం నలుగురి దగ్గర విని చూడండి, తేడా మీకే దొరుకుతుంది.

ఇక కల్లాస్. మీరు విన్నది ఏ సంవత్సరంది? 1953లో పాడిన కల్లాస్ వేరు, 1964లో పాడిన కల్లాస్ వేరు. మంచి ఒపెరా గొంతులో కంపనం సెకనుకు ఐదారు సార్లు వస్తుంది. అది నెమ్మదించి వెడల్పయితే మీరన్న ఊపు మొదలవుతుంది. ఈ గొంతే 1949 జనవరిలో వెనిస్‌లో వాగ్నర్ బ్రూన్‌హిల్డె పాత్ర పాడుతూ, కొద్దిరోజుల తేడాలో బెల్లిని ‘ఇ పురితాని’లో ఎల్విరా పాడింది. మొదటిది ఇనుములాంటి బలం అడుగుతుంది, రెండోది పక్షిలాంటి వేగం అడుగుతుంది.

1953 ‘టోస్కా’లో ఆరియా దగ్గర ఆగకండి. విక్టర్ దె సబాటా కండక్టర్, కథానాయిక టోస్కాగా కల్లాస్, ఆమెను వేధించే పోలీసు అధికారి స్కార్పియాగా టిటో గోబ్బి. రెండో అంకం మొత్తం వినండి. స్కార్పియాని పొడిచి చంపాక టోస్కా ఒక్క మాటంటుంది: ఇతని ముందేనా రోమ్ అంతా వణికింది! పుచ్చిని ఆ మాటలన్నీ ఒకే కింది స్వరం మీద రాశాడు. పైకెక్కే పని లేదు, తీపి చూపించే చోటు కాదు. కల్లాస్ దాన్ని ఛాతీలోంచి, దాదాపు మాటలాగే అంటుంది. నాకు ఒళ్లు చల్లబడిపోతుంది, ఇప్పటికీ.

ఇంకొకటి. రికార్డింగ్‌లో గొంతు సైజు తెలియదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హాల్లో అన్నిటికంటే పైనుండే ఫ్యామిలీ సర్కిల్‌లో కూర్చుని విన్నానోసారి. సుమారు 3,800 సీట్ల హాలు, మైకులుండవు. రికార్డుల్లో ఉరిమే ఒక గొంతు (పేరు చెప్పను) ఆర్కెస్ట్రా లేచేసరికి మునిగిపోయింది. రికార్డుల్లో నేను పట్టించుకోని ఇంకో గొంతు మాత్రం నా పక్కన నిలబడి పాడినట్టు వినిపించింది. ఆర్కెస్ట్రా బలం 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువ. తర్ఫీదున్న గొంతు, ముఖ్యంగా మగ గొంతు, 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు తెచ్చుకుంటుంది. అక్కడ ఆర్కెస్ట్రా బలం తక్కువ, ఆ ఖాళీలోంచే దూసుకొస్తుంది. ఇటాలియన్లు దాన్ని స్క్విల్లో అంటారు.

జవాబు: పాత రికార్డులు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాడిన టెనర్ కరూజో దగ్గరికి వెళ్తే ఒక జాగ్రత్త. 1925 వరకు మైకు లేకుండా, పెద్ద గరాటు ముందు నిలబడి పాడేవాళ్లు. టెనర్ గొంతు దాంట్లో బాగానే పట్టేది, సొప్రానోల (ఎత్తు స్థాయి ఆడ గొంతుల) పై మెరుపు చాలావరకు పోయేది. పైగా ఆ ప్లేట్లన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్ల వేగంతో తీసినవి కావు. తప్పు వేగంతో తిప్పితే శ్రుతి మారుతుంది, అచ్చుల రంగు కూడా మారిపోతుంది. అందుకే కరూజోనీ, మైకుల కాలపు టెనర్ పావరొట్టినీ పక్కపక్కన పెట్టి గొంతు రంగు మీద తీర్పు చెప్పను. వాక్యం ఎలా విరిచారో, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో మాత్రం ధైర్యంగా పోలుస్తాను.

కొత్త శ్రోత

చూశాను, నేను విన్నది 1964దే! నిన్న రాత్రి 1953 రికార్డింగ్‌లో రెండో అంకం పూర్తిగా విన్నాను. బాల్కనీ గారూ, మీరు చెప్పిన ఆ ఒక్క మాట కోసం నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. టెబాల్ది గొంతంటే ఇప్పటికీ ఇష్టమే, అది మాత్రం మారలేదు.

పై బాల్కనీ

మారక్కర్లేదండీ. టెబాల్ది 1959లో మారియో దెల్ మొనాకోతో చేసిన ‘టోస్కా’ ఉంది. అదే మాట అక్కడ ఎలా అందో విని, మీకేమనిపించిందో రాయండి.