చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌లో పాటలకి ఏం పెట్టాలి? బ్యాటరీ దిగిపోకూడదు

నీడపట్టున:
మా ట్రైలర్ ఇద్దరు పడుకుంటే నిండిపోయేంత చిన్నది. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటుంది, లైట్లు, ఫ్యాను దాని మీదే. లోపల పాటలు వినాలి, బయట వంట చేసుకునేటప్పుడు కూడా కాస్త వినపడాలి, డీజే మోత అక్కర్లేదు. ఇంట్లో పాత యాంప్లిఫయర్ ఉంది, ఇన్వర్టర్ పెట్టి అదే వాడమని కొందరు, కారు స్టీరియో మేలని కొందరు. పొద్దున లేచేసరికి బ్యాటరీ డౌన్ అవుతుందేమోనని నా టెన్షన్. గోడలకి కన్నాలు పెట్టడం కూడా ఇష్టం లేదు.

వైరింగ్_పిచ్చి:
ఇన్వర్టర్ జోలికి పోకండి. బ్యాటరీలో ఉన్న డీసీని అది ఏసీ చేస్తుంది, యాంప్లిఫయర్ దాన్ని లోపల మళ్లీ డీసీ చేసుకుంటుంది, మధ్యలో కరెంటు దండగ. పైగా పాటలు ఆపినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. కారు స్టీరియోనే పెట్టండి. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసుంటుంది కానీ అది పీక్ లెక్క, నిజంగా వచ్చేది ఛానెల్‌కి 15-20 వాట్లు, అంత చిన్న చోట అదే ఎక్కువ. మామూలు వాల్యూమ్‌లో 1-2 ఆంపియర్లు లాగుతుంది, 4 గంటలు విన్నా 8 ఏహెచ్. లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్నది 50, అందులో ఇదెంత? నాకైతే ఫ్యాను మీదే అనుమానం.

అసలు జాగ్రత్త పడాల్సింది స్టీరియో పసుపు వైరు దగ్గర. కారులో పసుపుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, గడియారం, స్టేషన్లు గుర్తుండటానికి. ఎరుపుకి తాళం తిప్పితేనే వస్తుంది. ట్రైలర్‌లో తాళం లేదు కదా అని రెండూ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేస్తే, బండి నెలల తరబడి షెడ్డులో ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా లాగి ఖాళీ చేసేస్తుంది. రెండూ కలిపి ఒక స్విచ్ మీదుగా ఇవ్వండి. స్టేషన్లు మరిచిపోతుంది, పోనీండి, బ్లూటూత్‌లో వినేవాళ్లకి వాటితో పనేముంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే వేయాలి, స్టీరియో వెనక ఉన్నది చాలదు, కుదుపులకి దారిలో వైరు ఒరుసుకుని షార్ట్ అయితే అది కాపాడదు.

పెట్టెమోత:
కన్నాలు వద్దంటే బెంచీ కింద సామాన్ల అర ఉంటుంది చూడండి, దాని ముందు పలకకి స్పీకర్లు బిగించండి. అర చుట్టూ మూసి ఉండాలి, స్పీకరు ముందు వైపు శబ్దం, వెనక వైపు శబ్దం కలిస్తే బేస్ చచ్చిపోతుంది. లోపల దుప్పట్లు కుక్కినా నష్టం లేదు, కోన్‌కి (స్పీకరులో కదిలే గరాటు లాంటి భాగం) తగలకపోతే చాలు. ప్లస్ మైనస్ గుర్తులు లేని స్పీకరైతే టార్చి సెల్‌ని రెండు కొసలకీ ఒక్క క్షణం తాకించండి. కోన్ ముందుకొస్తే సెల్ ప్లస్ తగిలిన కొసే ప్లస్. ఒక స్పీకరుకి వైర్లు తిరగేసినా బేస్ పోతుంది.

బయట వినడానికి పెట్టే స్పీకర్ల జతని స్టీరియో వెనక ఛానెళ్లకి ఇచ్చి ఫేడర్‌తో (ముందు, వెనక స్పీకర్లకి శబ్దం పంచే సెట్టింగు) మార్చుకోండి. ఒకే ఛానెల్‌కి 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌గా తగిలిస్తే 2 ఓమ్‌లు అవుతుంది, చాలా స్టీరియోలు దానికి వేడెక్కి ఆగిపోతాయి. స్పీకర్ మైనస్ వైర్లని బాడీకి మాత్రం కలపొద్దు.

తేలికసంచి:
ఇద్దరికి ఇంత హడావిడా? చార్జింగ్ బ్లూటూత్ స్పీకరు ఒకటి కొని యూఎస్‌బీ సాకెట్‌కి పెట్టుకోండి, బయటికెళ్తే చేత్తో పట్టుకెళ్లొచ్చు.

నీడపట్టున:
అదీ ఆలోచించా, కానీ దాని చార్జింగ్ ఒకటి గుర్తుపెట్టుకోవాలి, స్టీరియోకే వెళ్తా. ఫోన్ ఆక్స్ వైరుతో ఇస్తే బాగుంటుందా, బ్లూటూతా?

వైరింగ్_పిచ్చి:
బ్లూటూతే. ఆక్స్ వైరు ఉండగా ఫోన్‌ని అదే బ్యాటరీ నుంచి చార్జింగ్‌కి పెడితే గ్రౌండ్ లూప్ (మైనస్‌కి రెండు దారులు కలిసి చుట్టులా అవడం) ఏర్పడి కీచుమనే రొద వస్తుంది. ఆక్సే కావాలంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది, మధ్యలో తగిలిస్తే సరి.