ఇంటిపేరు ఊరిపేరైతే ఆ ఇంటిపేరోళ్ళంతా దాయాదులేనా?

చంద్రగిరి తమ్ముడు:
మా చెల్లెలికి పీలేరు తట్టు నుంచి సంబంధం వచ్చింది. కులం ఒకటే, ఇంటిపేరూ మాదే, గోత్రం వేరు. మా ఇంటిపేరు ఒక ఊరిపేరు. 'ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ళే, ఇంక మాట్లాడొద్దు' అంటున్నాడు మా పెదనాయన. నిజమేనా?

తిరుచానూరు పెద్దాయన:
మీ పెదనాయన మాట నిజం నాయనా. గోత్రం సగం మందికి సరిగా తెలీదు, పంతులు అడిగితే తోచింది చెప్తారు. ఇంటిపేరు అట్లా కాదు. తాతముత్తాతల నుంచి వచ్చేది అదొక్కటే.

చిత్తూరు టీచరమ్మ:
పెద్దాయన గారూ, నేను ఒప్పుకోను. చంద్రగిరి పక్కన నారావారిపల్లె చూడండి, చంద్రబాబు నాయుడు గారి సొంతూరు. అక్కడ ఇంటిపేరే ఊరికి పేరైంది. అట్లాంటిచోట దాయాదులంటే నమ్ముతాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది దీనికి తలకిందులు. ఆయన 1888లో పుట్టింది తిరుత్తణిలో. 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయేదాకా అది మన చిత్తూరు జిల్లాదే. సర్వేపల్లి మాత్రం నెల్లూరు తట్టు ఊరు. పెద్దలు అక్కణ్ణుంచి వస్తే ఊరిపేరు వెంటొచ్చింది. ఒక ఊరు విడిచి ఎన్ని కుటుంబాలు పోలేదు? అందరికీ అదే పేరు తగులుకుంటుంది. పైగా కొత్తపల్లెలు ఎన్ని లేవు! ఏ కొత్తపల్లె వాళ్ళని తమ్ముళ్ళంటాం?

తిరుచానూరు పెద్దాయన:
కులాలు వేరైతే ఆ మాటే రాదు కదమ్మా. ఒకే కులం, ఒకే ఊరిపేరు అయితే ఒకే ఇంటివాళ్ళు కారని ఎట్లా చెప్తావు?

చిత్తూరు టీచరమ్మ:
సరైన ప్రశ్నే. దానికి ఇంటిపేరు జవాబు చెప్పదు, మైల చెప్తుంది. తమ్ముడూ, వాళ్ళింట్లో చావు జరిగితే మీరెప్పుడైనా మైల పట్టారా? ఇలవేల్పు ఒకరేనా? చట్టం సంగతి కూడా చెప్తా: 1955 హిందూ వివాహ చట్టం తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు చూస్తుంది. ఇంటిపేరు ఊసే అందులో లేదు.

చంద్రగిరి తమ్ముడు:
మైల ఎన్నడూ పట్టలేదక్కా. ఇలవేల్పు కూడా వేరే.

తిరుచానూరు పెద్దాయన:
ఏడు తరాలు దాటితే పదిరోజుల మైల ఉండదు నాయనా. మైల లేనంత మాత్రాన వంశం వేరైపోదు. రెండు వైపులా తాతల పేర్లు గుర్తున్నంత వరకు రాయించు. ఎక్కడా కలవకపోతే అప్పుడు నేనే మీ పెదనాయనతో మాట్లాడతా.