బృహద్ధమని ఆపరేషన్‌లో మెదడుకు రక్షణ: చలి ఒక్కటే చాలా?

అమలాపురం మేనల్లుడు: మా మామయ్యకు గుండె నుంచి వచ్చే బృహద్ధమని వంపు దగ్గర ఉబ్బింది. విశాఖపట్నంలో ఒక సర్జన్ శరీరాన్ని 18 డిగ్రీలకు చల్లబరిచి, రక్తప్రసరణ పూర్తిగా ఆపి చేస్తానన్నారు. ఇంకొకరు 26 డిగ్రీలు చాలన్నారు, మెదడుకు మాత్రం విడిగా రక్తం పంపుతారట. ఎటు మొగ్గాలి? మామయ్యకు చావు కన్నా మాట పడిపోతుందన్న భయమే ఎక్కువగా ఉంది.

కాకినాడ మత్తు వైద్యుడు: నేను చలి వైపే. మామూలు వేడిలో నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతింటుంది. చల్లబడితే దాని ప్రాణవాయువు అవసరం బాగా తగ్గుతుంది. 1975లో అమెరికా గుండె సర్జన్ గ్రీప్ బృందం ఈ దారిలోనే వంపును మార్చి చూపింది. 18 డిగ్రీల దగ్గర సుమారు అరగంట భరోసా ఉంటుంది. మెడ ధమనుల్లో గొట్టాలు దూర్చనక్కరలేదు. పెద్దవయసువారి ధమనుల్లో పేరుకున్న కొవ్వు ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే.

రాజమహేంద్రవరం పెర్ఫ్యూజనిస్టు (ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రాన్ని నడిపేవారు): డాక్టరుగారూ, ఆ ప్రమాదం నిజమే. కానీ అరగంటలో కుట్లు పూర్తవుతాయని ఎవరు హామీ ఇస్తారు? కుడి చంక ధమని ద్వారా కిలో బరువుకు నిమిషానికి 10 మిల్లీలీటర్ల చొప్పున మెదడుకు రక్తం పంపితే సర్జన్‌కు తొందర ఉండదు. చలి పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, యంత్రం మీద ఉండే సమయమూ పెరుగుతుంది. తిరిగి వేడెక్కించేటప్పుడు తొందరపడినా, 37 డిగ్రీలు దాటించినా మెదడుకే ముప్పు. యంత్రం దగ్గర నిలబడేవాళ్లకు ఆ ఘట్టం ఎంత బరువో తెలుసు.

కాకినాడ మత్తు వైద్యుడు: ఒక్క కుడివైపే పంపితే సరిపోతుందా? మెదడు అడుగున ధమనులు కలిసే వలయం చాలామందిలో అసంపూర్ణంగా ఉంటుంది. లాకు దగ్గర తలుపు మూసి ఉంటే ఈ కాలువ నీరు ఆ కాలువకు ఎలా చేరుతుంది?

రాజమహేంద్రవరం పెర్ఫ్యూజనిస్టు: అందుకే నుదుటి మీద రెండువైపులా ప్రాణవాయువును కొలిచే పట్టీలు అతికిస్తాం. ఎడమవైపు అంకె పడిపోతే ఎడమ మెడ ధమనికీ రక్తం ఇస్తాం.

భీమవరం ఫిజీషియన్: ఉబ్బు కాక, ధమని లోపలి పొర చీలినవారికి ఇంత తీరిక ఉండదు. గుండె దగ్గరి భాగంలో చీలిక వస్తే, ఆపరేషన్ జరగకపోతే మొదటి 48 గంటల్లో గంటకు 1–2 శాతం చొప్పున మరణాలు. లంక గ్రామాల నుంచి పెద్దాసుపత్రికి చేరేలోపే సగం పూట పోతుంది. వీపులోకి చీల్చుకుపోయే నొప్పిని గుండెపోటు అనుకుని రక్తం పలుచబరిచే మందులు ఎక్కించకండి. ముందు రెండు చేతులకూ బీపీ చూడండి, అనుమానం వస్తే వెంటనే సి.టి. తీయించండి.

అమలాపురం మేనల్లుడు: మామయ్య స్కాన్‌లో ఎడమ మెడ ధమని సన్నబడిందని రాశారు. దానివల్ల నిర్ణయం మారుతుందా?

రాజమహేంద్రవరం పెర్ఫ్యూజనిస్టు: మారుతుంది. మెదడు రక్తనాళాల సి.టి. ముందే తీయించమనండి. రెండువైపులా రక్తం పంపే ఏర్పాటు ఉందా అని ఇద్దరు సర్జన్లనూ అడగండి.

కాకినాడ మత్తు వైద్యుడు: సి.టి. మాటకు నేనూ సరే. కానీ సన్నబడిన ధమనిలోకే గొట్టం వేయాల్సి వస్తే ఆ చేయి తరచూ ఆ పని చేసినదై ఉండాలి. అలాంటి సర్జన్ దొరకకపోతే 18 డిగ్రీలకే ఒప్పుకోండి.