రేడియోగ్రఫీ కోర్సులో చేరడం మంచిదేనా?

పలాస విద్యార్థిని:
నేను ఈ ఏడాది ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తి చేశాను. నాన్నగారు జీడిపప్పు బట్టీలో పనిచేస్తారు కనుక నీట్ కోసం మరో ఏడాది కోచింగ్‌కు పంపే స్థోమత మాకు లేదు. తుంటి ఎముక విరిగిన నాయనమ్మను శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు, అక్కడి రేడియోగ్రాఫర్ గారు విరిగిన కాలిని కదపకుండా, రెండో కాలిని మాత్రం పైకెత్తి ఉంచి, పక్కనుంచి ఎక్స్‌రే తీయడం చూశాను. అప్పటి నుంచి నా మనసు ఈ కోర్సు మీదనే ఉంది. అయితే ఆ గదిలో పనిచేసే ఆడపిల్లలకు సంతానం కలగదని బంధువులు అమ్మను భయపెడుతున్నారు. ఇది నిజమేనా?

విజయనగరం రేడియోగ్రాఫర్:
అమ్మా, నేను 14 ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను, ఇద్దరు పిల్లల తల్లిని. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న తొలి రోజుల్లో, రక్షణ తెలియక చేతులు కాల్చుకున్నవారు, వేళ్లు పోగొట్టుకున్నవారు నిజంగానే ఉన్నారు. ఆ భయమే నేటికీ మిగిలింది. యంత్రం నుంచి కిరణాలు వెలువడేది మీట నొక్కిన ఆ క్షణకాలమే. తరువాత గదిలో ఏమీ నిలిచి ఉండదు. మనం సీసపు అడ్డుగోడ వెనుక ఉంటాము. దూరం రెట్టింపయితే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది. మన దేశ నిబంధనల ప్రకారం సిబ్బందికి అందే మోతాదు 5 ఏళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు (శరీరానికి అందే కిరణాల మోతాదుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 దాటరాదు. గర్భం దాల్చిన సంగతి తెలియజేస్తే పరిమితి మరింత కఠినమవుతుంది. ఛాతీ మీద ధరించే టీఎల్‌డీ బ్యాడ్జి ఈ లెక్కను నమోదు చేస్తుంది. నేను మొదట చేరిన ఒక స్కానింగ్ సెంటర్‌లో 8 నెలలపాటు ఆ బ్యాడ్జి ఇవ్వనే లేదు. అడగడానికి మొహమాటపడ్డాను, అది నా తప్పు. నువ్వు మాత్రం ఎక్కడ చేరినా మొదటి రోజే అడుగు.

పారామెడికల్ అధ్యాపకుడు, శ్రీకాకుళం:
పై మాటలన్నీ సరైనవే. ఒక్క విషయం స్పష్టంగా తెలుసుకోవాలి: రిపోర్టు రాసేది ఎంబీబీఎస్ తరువాత ఎండీ చదివిన రేడియాలజిస్టు, మనం కాదు. ఇది తెలియక చేరి, తరువాత నిరాశపడిన విద్యార్థులను చూశాను. కానీ చిత్రం చెడితే ఎంతటి వైద్యుడైనా చేయగలిగింది తక్కువ. ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే రోగులకు సీటీ స్కాన్‌లో అయోడిన్ మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశారా లేదా అని అడగగలిగే రేడియోగ్రాఫర్ చాలా అవసరం, ఎందుకంటే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ మందు ప్రమాదం కలిగించవచ్చు. డిప్లొమా అయితే రెండేళ్లు, త్వరగా ఉద్యోగానికి వెళ్లవచ్చు. పైచదువు ఆలోచన ఉంటే బీఎస్సీ మేలు. ఏదైనా సరే, సీటీ, ఎంఆర్‌ఐ రెండూ ఉన్న ఆసుపత్రికి అనుబంధమైన, పారామెడికల్ బోర్డు గానీ విశ్వవిద్యాలయం గానీ గుర్తించిన కళాశాలనే ఎంచుకోండి.

పలాస విద్యార్థిని:
మేడమ్ గారికి, మాస్టారికి కృతజ్ఞతలు. బ్యాడ్జి సంగతి అమ్మకు చదివి వినిపించాను. వచ్చే వారం నాయనమ్మ కట్టు చూపించడానికి వెళ్లినప్పుడు, అమ్మను కూడా ఆ గది దాకా తీసుకువెళ్లి, అక్కడి రేడియోగ్రాఫర్ గారితో మాట్లాడిస్తాను.