నీళ్ళే లేని చోట ఐస్ ఎలా వచ్చింది? నక్షత్రాల మధ్య ధూళి మీద మంచు గురించి ఒక సందేహం

సైన్స్ మాస్టారు:
అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నిన్న తొమ్మిదో తరగతిలో నక్షత్రాల పుట్టుక గురించి మాట్లాడుతూ, వాటి మధ్య ఉండే చీకటి మేఘాల్లో ధూళి రేణువుల మీద ఐస్ ఉంటుందని అన్నాను. ఒకమ్మాయి లేచి "సార్, అక్కడ నీళ్ళే లేవు కదా, ఏది గడ్డకట్టి ఐస్ అయింది?" అంది. ఫ్రీజర్ గోడకి మంచు పట్టినట్టు నీటి ఆవిరి పేరుకుంటుందమ్మా అన్నాను. "మరి ఆ ఆవిరి ఎక్కడిది సార్?" అని మళ్ళీ అడిగింది. తర్వాతి క్లాసులో చెబుతానన్నాను, రాత్రంతా అదే ఆలోచన. పైగా శూన్యంలో పెడితే నీళ్ళు మరిగిపోతాయని మనమే చెబుతాం, మరి అక్కడ ఐస్ ఎలా నిలుస్తుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

చీకటిమేఘం:
మాస్టారూ, ఆ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. ఫ్రీజర్‌లో ఆవిరి ముందే ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా బయటి గాలితో లోపలికొచ్చి గోడకి పడుతుంది. మేఘంలో అలా కాదు, నీళ్ళు ఆ రేణువు మీదే తయారవుతాయి. రేణువంటే మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు సైజు, సిలికేటో కార్బనో, చలి మైనస్ 263 డిగ్రీలు. దాని మీద ఒక ఆక్సిజన్ పరమాణువు వచ్చి అంటుకుంటుంది, ఎక్కువ కదల్లేదు. హైడ్రోజన్ పరమాణువు మాత్రం చాలా తేలిక కాబట్టి అంత చలిలోనూ క్వాంటం టన్నెలింగ్ (అడ్డుగోడని ఎక్కకుండానే దాటిపోవడం) సాయంతో ఉపరితలం మీద ఇటూ అటూ తిరుగుతూ ఆక్సిజన్‌కి తగులుతుంది, ఓహెచ్ అవుతుంది, ఇంకో హైడ్రోజన్ వచ్చి కలిస్తే నీటి అణువు.

అదే రెండు పరమాణువులు రేణువు లేకుండా వాయువులోనే ఎదురుపడితే? బంధం ఏర్పడేటప్పుడు వెలువడే శక్తి పోవడానికి దారి ఉండదు, కాబట్టి దాదాపు ఎప్పుడూ మళ్ళీ విడిపోతాయి. రేణువు ఆ వేడిని తను తీసుకుంటుంది, అందుకే దుమ్ము అంత ముఖ్యం. వాయువులో కూడా అయాన్ల చర్యల వల్ల కొంత నీరు పుడుతుంది గానీ చాలా తక్కువ, రేణువుల మీద కనిపించే ఐస్‌కి అది ఏ మూలకీ చాలదు.

ఎంత నెమ్మదిగా జరుగుతుందో చెబితే పిల్లలకి బాగా ఎక్కుతుంది. ఘన సెంటీమీటరుకి 10 వేల హైడ్రోజన్ అణువులుండే మేఘంలో విడి హైడ్రోజన్ పరమాణువు ఒకటి ఉంటే ఎక్కువ, అంటే ఒక్కో రేణువుకి అలాంటిది తగిలేది రోజుకి సుమారు ఒకటి. వంద పొరల మంచు తొడుగు పేరుకోవాలంటే లక్షల ఏళ్ళు.

శూన్యం సంగతి: ఐస్ నుంచి అణువు లేచిపోవాలంటే దానికి కొంత వేడి కావాలి, మైనస్ 263 దగ్గర అది లేదు. దగ్గర్లో నక్షత్రం పుట్టి రేణువు మైనస్ 170 దాకా వేడెక్కితేనే నీటి ఐస్ మొత్తం ఎగిరిపోతుంది.

క్రయోస్టాట్:
పీహెచ్‌డీలో నేను చేసింది ఇదే పని, ఇలాంటి ఐస్‌ని ల్యాబ్‌లో తయారుచేసి చూడటం, కళ్ళారా చూసింది చెబుతాను. స్టీలు చాంబర్‌కి హీటింగ్ టేపు, అల్యూమినియం ఫాయిల్ చుట్టి రోజుల తరబడి కాలుస్తాం, గోడల్లో దాగిన తేమ పోవాలని. ఎంత కాల్చినా, పంపులు ఎంత లాగినా లోపల ఘన సెంటీమీటరుకి ఇరవై లక్షల అణువులు మిగులుతాయి, మాస్టారూ, ఆ మేఘం అంతకన్నా ఖాళీ. లోపల బొటనవేలి గోరంత పలక, హీలియంతో చల్లబరుస్తాం. దాని మీద పట్టే ఐస్ కంటికి కనిపించదు. పరారుణ కాంతి పంపితే 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర గ్రాఫ్ గిన్నెలా కిందికి వంగుతుంది, అదే నీటి గుర్తు. ఒకసారి మేం లోపలికి ఏ వాయువూ వదలకుండానే ఆ గిన్నె మెల్లగా లోతవుతూ వచ్చింది, ఎక్కడో సన్న లీకు! వారం పని మళ్ళీ మొదటికి.

ఆకాశంలోనూ గుర్తు ఇదే: 1973లో ఒరాయన్ నక్షత్ర మండలంలో ఒక పరారుణ వస్తువు వెలుగులో 3.1 మైక్రాన్ల దగ్గర కనిపెట్టారు. గడ్డకట్టిన ఆక్సిజన్ మీదికి హైడ్రోజన్ పరమాణువుల్ని పంపి నీరు తయారవడాన్ని 2008లో జపాన్‌లోని హొక్కైడోలో, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో చూపించారు. ఇంకో మాట, ఈ ఐస్ స్ఫటికం కాదు, ఆరు కోణాల మంచు పువ్వుల్ని ఊహించుకోవద్దు. అంత చలిలో అణువులు సర్దుకుని వరుసలో కూర్చోలేవు, ఎక్కడిది అక్కడే బిగుసుకుపోతుంది.

సైన్స్ మాస్టారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అంటే ఆవిరి నేరుగా గడ్డకట్టడం అక్కడ అసలు జరగదా?

చీకటిమేఘం:
జరుగుతుంది, నీటితో కాదు, కార్బన్ మోనాక్సైడ్‌తో. అది వాయువులోనే తయారై, మైనస్ 253 కన్నా చల్లబడ్డాక నీటి ఐస్ పైన పొరలా పేరుకుంటుంది, మీ ఫ్రీజర్ పోలిక అక్కడ పెట్టుకోండి. దాని మీద మళ్ళీ హైడ్రోజన్ చేరి ఫార్మాల్డిహైడ్, మిథనాల్ అవుతాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో కమీలియన్ 1 మేఘం వెనకున్న నక్షత్రాల వెలుగు చూసి, నీరు, కార్బన్ డయాక్సైడ్, అమోనియా, మీథేన్, మిథనాల్ ఐస్‌లు అక్కడ ఉన్నాయని 2023లో ప్రకటించారు. నక్షత్రం ఇంకా పుట్టకముందే మిథనాల్! నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

సైన్స్ మాస్టారు:
రేపు మొదటి పీరియడ్ ఆ క్లాసే. క్రయోస్టాట్ గారూ, ఆ గిన్నెలాంటి గ్రాఫ్ మీ దగ్గరుంటే పెట్టగలరా? బోర్డు మీద గీసి, ముందుగా ఆ అమ్మాయినే పిలిచి నీరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటాను.