92 వేల మైళ్ళు తిరిగిన పోర్షే కయెన్ ఎస్ కొనవచ్చా?

నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. 2013 మోడల్ కయెన్ ఎస్ ఒకటి అమ్మకానికి ఉంటే వెళ్ళి చూశాను. 4.8 లీటర్ల వి8 ఇంజను, 400 హార్స్‌పవర్. 16 వేల డాలర్లు అడుగుతున్నారు. బండి ధర పాతబడేకొద్దీ దిగుతుంది కానీ విడిభాగాల ధరలు దిగవు, నా భయమంతా అక్కడే.

నడిపి చూశాక ఆ ఇంజను చప్పుడుకు మనసు పడిపోయింది, దాచను. దిగి టైర్ల పక్కన వంగి చూస్తే ముందువాటి మీద 2322, వెనకవాటి మీద 1817 అని ఉంది. మొదటి రెండంకెలు తయారైన వారం, చివరి రెండూ ఏడాది. అంటే ముందువి 2022 నాటివి, వెనకవి 2017 నాటివి, ఐదేళ్ళ తేడా! నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ముందూ వెనకా అరుగుదల వేరుగా ఉంటే, ఆ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. ఇంజను ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఉన్నాయి, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మార్చినట్టు ఒక్క కాగితమూ లేదు.

ఇలాంటి బండి వాడుతున్నవారిని అడుగుతున్నాను: ట్రాన్స్‌ఫర్ కేసు అరిగిందని నడిపేటప్పుడు ఎలా తెలుస్తుంది? ఇంజనును చల్లబరిచే ద్రవం పారే కూలెంట్ పైపులు మార్చారో లేదో ఇంజను విప్పకుండా కనిపెట్టవచ్చా? సిలిండర్ల లోపల కెమెరా పెట్టి చూపించడం తప్పనిసరా? మరమ్మతులకు ఏడాదికి మీకు నిజంగా ఎంత అవుతోంది?

రోజూ పిల్లలను బడికి దింపే బండి ఇదే అవుతుంది. శనివారంలోగా అమ్మేవారికి మాట చెప్పాలి.